ఢిల్లీలో గెలిచినవాడి చేతికి ఏమొస్తుంది? ఎల్జీ, ముఖ్యమంత్రి, మేయరు పంచాయితీ

నాగావళి గట్టు (రాయగడ):
మన వైపు నుంచి సివిల్స్ కోచింగని ఢిల్లీ వెళ్ళే పిల్లలు ఎక్కువయ్యారు కాబట్టి ఈ ప్రశ్న ఇక్కడ పెడుతున్నాను. 2024 జులై 27న ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లోకి వాన నీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. మర్నాటి నుంచి ఒకరి మీద ఒకరు చెప్పుకోవడమే సరిపోయింది.

అడగాలనుకున్నవి మూడు. ఓట్లేసి గెలిపించిన ముఖ్యమంత్రి ఉండగా ఎల్జీ (కేంద్రం తరఫున ఉండే లెఫ్టినెంట్ గవర్నర్) మాట ఎందుకు చెల్లుతుంది? సుప్రీంకోర్టు 2018లోనూ, 2023లోనూ ముఖ్యమంత్రి వైపే చెప్పిందంటారు, మరి గొడవ ఎందుకు తెగలేదు? మేయరు వీళ్ళిద్దరిలో ఎవరి కింద? పార్టీల తిట్లు వద్దు. ఫైలు ఏ బల్ల మీంచి ఏ బల్ల మీదికి వెళ్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
ముందు పునాది చూద్దాం. ఢిల్లీ రాష్ట్రం కాదు, శాసనసభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతం. 1991లో 69వ రాజ్యాంగ సవరణతో 239ఏఏ అధికరణం చేర్చారు, 1992 ఫిబ్రవరి 1 నుంచి అమలు. సభలో 70 మంది. మంత్రులు అందులో పది శాతం దాటకూడదు, అంటే ముఖ్యమంత్రితో కలిపి ఏడుగురే.

ఈ సభ రాష్ట్ర జాబితా (రాజ్యాంగం రాష్ట్రాలకి వదిలిన అంశాలు) మీద, ఉమ్మడి జాబితా (కేంద్రం, రాష్ట్రం ఇద్దరికీ చెందినవి) మీద చట్టాలు చేయొచ్చు. కానీ రాష్ట్ర జాబితాలోంచి మూడు అంశాలు ముందే తీసేశారు: 1వది శాంతిభద్రతలు, 2వది పోలీసు, 18వది భూమి. వాటికి తోకగా ఉండే 64, 65, 66 కూడా ఆ మేరకు పోయాయి. మిగిలినవాటిలోనూ పార్లమెంటు చట్టం చేయొచ్చు, రెండు చట్టాలూ ఢీకొంటే సాధారణంగా నిలిచేది పార్లమెంటుదే. ఒడిశా విషయంలో అయితే రాష్ట్ర జాబితాలో పార్లమెంటు వేలు పెట్టాలంటే రాజ్యాంగం చెప్పిన ప్రత్యేక సందర్భం ఏదో ఒకటి రావాలి. ఢిల్లీకి ఆ అడ్డు లేదు.

అసలు పేచీ నాలుగో క్లాజులో ఉంది. ఎల్జీ మంత్రిమండలి సలహా ప్రకారం నడుచుకోవాలి. దాని కిందే ఒక మినహాయింపు: ఏ విషయంలోనైనా అభిప్రాయభేదం వస్తే ఎల్జీ దాన్ని రాష్ట్రపతికి పంపొచ్చు, జవాబు వచ్చేలోగా తొందర పని అయితే తనే ఆదేశం ఇవ్వొచ్చు. రాష్ట్రపతి అంటే ఆచరణలో కేంద్ర హోంశాఖ.

ఫైలు నడక 1993 నాటి బిజినెస్ రూల్స్ ప్రకారం ఇలా ఉంటుంది. మంత్రికీ ఎల్జీకీ కుదరకపోతే ముందు ఇద్దరూ మాట్లాడుకోవాలి. అప్పటికీ తేలకపోతే మంత్రిమండలి ముందు పెట్టమని ఎల్జీ అడగొచ్చు. మంత్రిమండలితోనే తేడా వస్తే అప్పుడు కేంద్రానికి. ఈ మెట్లన్నీ ఎక్కేలోపు ఒక టెండరు గడువు దాటిపోతుంది. అందుకే చాలా ఫైళ్ళు ‘తిరస్కరించారు’ అనే మాట లేకుండానే చచ్చిపోతాయి.

బరంపురం పంతులు (బరంపురం, గంజాం):
ప్లీడరు గారు 1991 నుంచి మొదలెట్టారు గానీ ఈ తగువు అంతకంటే పాతది. 1911 డిసెంబరు 12 దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి మారుస్తామని ప్రకటించారు, మరుసటి ఏడాదే ఢిల్లీని పంజాబు నుంచి విడదీసి చీఫ్ కమిషనర్ కింద పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో 48 మందితో ఒక సభ వచ్చింది, చౌధరి బ్రహ్మ ప్రకాశ్ మొదటి ముఖ్యమంత్రి. ఆయనకీ అప్పటి చీఫ్ కమిషనర్‌కీ పడలేదు. ఇప్పుడు మనం టీవీలో చూసేదానికి అదే మొదటి అంకం. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనతో ఆ సభ ఎగిరిపోయింది.

1957ని గుర్తుపెట్టుకోండి. ఆ ఒక్క ఏడాదిలో పార్లమెంటు రెండు చట్టాలు చేసింది: ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ చట్టం, ఢిల్లీ డెవలప్‌మెంట్ చట్టం. చెత్త, వీధిదీపాలు, చిన్న రోడ్లు మొదటిదానికి పోయాయి. భూమి, మాస్టర్ ప్లాను రెండోదానికి పోయాయి, అంటే డీడీఏకి (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ). డీడీఏ చైర్మన్ ఎల్జీయే. 1966లో మెట్రోపాలిటన్ కౌన్సిల్ అని పెట్టారు, 56 మంది ఎన్నికైనవాళ్ళు, 5 మంది నామినేటెడ్. దానికి సలహా చెప్పడం తప్ప చట్టం చేసే హక్కు లేదు. 1987లో వేసిన సర్కారియా కమిటీని తర్వాత బాలకృష్ణన్ నడిపించి 1989 డిసెంబరులో నివేదిక ఇచ్చారు. రాష్ట్ర హోదా వద్దు, సభ ఉన్న కేంద్రపాలిత ప్రాంతం చాలన్నది దాని సారం. 1991 సవరణ అక్కణ్ణుంచి పుట్టిందే.

ఇంకో సంగతి. 2003లో కేంద్రంలో ఎన్డీయే ప్రభుత్వమే ఢిల్లీకి రాష్ట్ర హోదా ఇచ్చే బిల్లు పార్లమెంటులో పెట్టింది. అది మురిగిపోయింది. కాబట్టి ఎవరు హోదా అడుగుతున్నారు, ఎవరు వద్దంటున్నారు అన్నది పార్టీ సిద్ధాంతాన్ని బట్టి కాదు, ఆ పూట ఏ కుర్చీలో ఉన్నారన్నదాన్ని బట్టి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరూ ఎల్జీని విలన్ని చేస్తున్నారు. ఆ ఊళ్ళో పార్లమెంటు ఉంది, సుప్రీంకోర్టు ఉంది, రాయబార కార్యాలయాలన్నీ ఉన్నాయి. పోలీసు ఒక ప్రాంతీయ పార్టీ చేతిలో ఉండి, రేపు ఆ పార్టీయే పార్లమెంటు ముందు ధర్నాకి దిగితే కేంద్రం ఎవరికి ఫోన్ చేయాలి?

ఇది మన దేశంలోనే ఉన్న వింత కూడా కాదు. లండన్ మెట్రోపాలిటన్ పోలీసు 1829 నుంచి 2000 దాకా నేరుగా హోం సెక్రటరీ కింద ఉండేది. పారిస్‌కి 1871 తర్వాత మేయరే లేడు, 1977లో జాక్ షిరాక్ గెలిచేదాకా. ఇవాళ్టికీ పారిస్ పోలీసు ప్రిఫెక్ట్‌ని వేసేది అక్కడి కేంద్ర ప్రభుత్వమే. రాజధాని దేశమంతటిదీ. ఢిల్లీ ఓటరుకి ఎంత హక్కుందో పర్లాకిమిడి ఓటరుకీ అంతే ఉంది.

నాగావళి గట్టు (రాయగడ):
పోలీసు, భూమి కేంద్రానివని రాజ్యాంగంలోనే రాసి ఉంటే వాటి మీద గొడవ ఉండకూడదు కదండీ. మరి ఎనిమిదేళ్ళు కోర్టుల్లో నలిగింది ఏది?

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
నలిగింది ‘సర్వీసెస్’. అంటే అధికారుల పోస్టింగులు, బదిలీలు, క్రమశిక్షణ. రాష్ట్ర జాబితాలో 41వ అంశం. 239ఏఏలో తీసేసిన మూడింటిలో అది లేదు. కానీ ఢిల్లీకి సొంత పబ్లిక్ సర్వీస్ కమిషన్ లేదు, అధికారులు కేంద్రం కేడర్ నుంచి వస్తారు. ఆ సందులోంచే తగువు పుట్టింది. వరస చూడండి:

2015 మే 21న కేంద్ర హోంశాఖ నోటిఫికేషన్ ఇచ్చి సర్వీసెస్‌ని ఎల్జీకి అప్పజెప్పింది. 2016 ఆగస్టు 4న ఢిల్లీ హైకోర్టు ఎల్జీ వైపు తీర్పిచ్చింది. 2018 జులై 4న సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనం దాన్ని తిప్పేసింది: మూడు అంశాలు తప్ప మిగతావాటిలో ఎల్జీ మంత్రిమండలి సలహాకి కట్టుబడాలి, నిర్ణయం ఆయనకి తెలియజేస్తే చాలు, ముందుగా ఒప్పుకోలు అక్కర్లేదు, ‘ఏ విషయంలోనైనా’ అంటే ప్రతి చిన్న విషయంలోనూ అని కాదు.

అయితే ఆ ధర్మాసనం సూత్రం చెప్పి సర్వీసెస్ సంగతి చిన్న బెంచికి వదిలేసింది. 2019 ఫిబ్రవరి 14న ఇద్దరు జడ్జీలు చెరో మాట అన్నారు. జాయింట్ సెక్రటరీ స్థాయి నుంచి పైన ఎల్జీ, కింద మంత్రులు అన్నారు జస్టిస్ సిక్రీ. సర్వీసెస్ ఢిల్లీకి అసలే లేవన్నారు జస్టిస్ అశోక్ భూషణ్. అవినీతి నిరోధక శాఖ కేంద్రానిది, పబ్లిక్ ప్రాసిక్యూటర్ల నియామకం ఢిల్లీది అన్న వాటిలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

2023 మే 11న మళ్ళీ అయిదుగురు కూర్చుని సర్వీసెస్ ఢిల్లీ ప్రభుత్వానివేనని తేల్చారు, ఆ మూడు అంశాలకి సంబంధించినవి తప్ప. ఎనిమిది రోజులకే, మే 19న, కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. దాని స్థానంలో వచ్చిన బిల్లుని ఆగస్టు 3న లోక్‌సభ, 7న రాజ్యసభ 131–102తో ఆమోదించాయి.

గట్టు గారి రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. ‘ఇప్పుడున్న రాజ్యాంగం ప్రకారం ఈ అధికారం ఢిల్లీది, పార్లమెంటు చట్టం చేస్తే తప్ప’ అన్నది కోర్టు మాట. ఆ ‘తప్ప’ని పట్టుకునే చట్టం చేశారు. సర్వీసెస్ మీద ఢిల్లీ సభకి చట్టం చేసే హక్కే లేదన్న 3ఏ సెక్షను ఆర్డినెన్స్‌లో ఉండేది, చట్టంలోకి వచ్చేసరికి దాన్ని తీసేశారు. జాగ్రత్తపడ్డారు. ఆర్డినెన్స్ మీద వేసిన కేసుని 2023 జులై 20న అయిదుగురి ధర్మాసనానికి పంపారు.

వంశధార (గుణుపురం):
ప్లీడరు గారు చట్టం చెప్పారు, అది ఆఫీసులో ఎలా దిగుతుందో చెప్తాను.

2023 చట్టం ఒక అథారిటీని పెట్టింది. అందులో ముగ్గురే: అధ్యక్షుడిగా ముఖ్యమంత్రి, చీఫ్ సెక్రటరీ, హోం ప్రిన్సిపల్ సెక్రటరీ. బదిలీల మీద, విజిలెన్స్ మీద సిఫారసు చేసేది ఈ ముగ్గురూ. నిర్ణయం మెజారిటీ ఓటుతో. లెక్క మీరే వేసుకోండి. చీఫ్ సెక్రటరీని, హోం సెక్రటరీని వేసేది కేంద్రం. ఇద్దరూ ఒకవైపు చేతులెత్తితే అధ్యక్షస్థానంలో కూర్చున్న ముఖ్యమంత్రి ఓడిపోతాడు, అదీ తన కిందివాళ్ళ చేతిలో. ముగ్గురూ ఒకే మాట మీద ఉన్నా ఎల్జీకి నచ్చకపోతే వెనక్కి పంపొచ్చు, చివరి మాట ఆయనదే.

భూమి, పోలీసు పోయినా ఇది ఎందుకంత ముఖ్యమంటే, ఒక శాఖ సెక్రటరీకి ఇద్దరు చెప్తారు: మంత్రి ‘ఈ పని నెలలో కావాలి’ అంటాడు, ఎల్జీ ఆఫీసు ‘ఈ ఫైలు మీద ఆర్థికశాఖ అభ్యంతరం రాయించండి’ అంటుంది. రేపు ఆయన్ని అండమాన్‌కో అరుణాచల్‌కో పంపగలిగేది మంత్రి కాదు. కాన్ఫిడెన్షియల్ రిపోర్టు మీద ఆఖరి సంతకమూ మంత్రిది కాదు. కర్ర ఉన్నవాడిదే బర్రె. మంచి అధికారి, చెడ్డ అధికారి అన్న తేడా ఇందులో లేదు, ఎవరైనా అలాగే రాస్తారు.

దీనికి ముందు 2021 సవరణ ఒకటుంది, 2021 ఏప్రిల్ 27 నుంచి అమలు. ఢిల్లీ సభ చేసే చట్టాల్లో ‘ప్రభుత్వం’ అని ఉన్న చోటల్లా ఎల్జీ అని అర్థం చేసుకోవాలన్నారు. సభ కమిటీలు రోజువారీ పాలన మీద విచారణలు చేయకూడదన్నారు. మామూలుగా ఎమ్మెల్యేల చేతిలో మిగిలే ఆఖరి ఆయుధం ఆ కమిటీ విచారణే, అధికారిని పిలిచి కాగితాలడగడం. అదీ పోయింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అధికారులు ఢిల్లీ సొంత మనుషులు కారండీ. ఏజీఎంయూటీ అని ఒకటే కేడర్: అరుణాచల్, గోవా, మిజోరం, కేంద్రపాలిత ప్రాంతాలన్నీ కలిపి. ఢిల్లీ ముఖ్యమంత్రి ఒక్కడే అందులోంచి నచ్చినవాళ్ళని ఏరుకుని, నచ్చనివాళ్ళని అవతలికి తోసేస్తే ఆ కేడర్ నడుస్తుందా? అరుణాచల్‌కి ఎవరు మిగులుతారు?

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
ఆ వాదన కోర్టులో కేంద్రం కూడా పెట్టింది. కానీ ఒక అధికారిని ఢిల్లీకి కేటాయించడం వేరు, కేటాయించాక ఏ శాఖలో కూర్చోబెట్టాలన్నది వేరు. మొదటిది హోంశాఖ పని, దాన్ని ఎవరూ కాదనలేదు. తగువంతా రెండోదాని మీదే. ఒడిశా కేడర్ ఐఏఎస్‌నీ ఎంపిక చేసేది కేంద్రమే. కొరాపుట్ కలెక్టరుగా వేసేది మాత్రం భువనేశ్వర్ కదా.

పోలీసు విషయంలో మహేంద్రతనయ గారితో నాకు పేచీ లేదు. సర్వీసెస్‌ని పోలీసుతో కలిపి ఒకే గాటన కట్టేస్తేనే వాదన చెడుతుంది.

నాగావళి గట్టు (రాయగడ):
డబ్బు సంగతి? ఖర్చు ఎవరు పెడుతున్నారన్నది కూడా తెలియాలి కదా.

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
పన్నులు ఢిల్లీ తనే వేసుకుంటుంది: జీఎస్టీలో రాష్ట్ర భాగం, ఎక్సైజు, స్టాంపులు. రాష్ట్రం కాదు కాబట్టి ఆర్థిక సంఘం పంచే కేంద్ర పన్నుల వాటా దానికి రాదు. బదులుగా ఇచ్చిన సొమ్ము 2001–02 నుంచి ఏళ్ళ తరబడి 325 కోట్ల దగ్గరే ఆగిపోయింది. పోలీసు ఖర్చు మాత్రం కేంద్రమే భరిస్తుంది, అది చిన్న మొత్తం కాదు.

బడ్జెట్ సభలో పెట్టేముందు రాష్ట్రపతి ఆమోదం కావాలి, అంటే మళ్ళీ హోంశాఖ. 2023లో మార్చి 21న పెట్టాల్సిన 78,800 కోట్ల బడ్జెట్ హోంశాఖ ప్రశ్నల దగ్గర ఆగి 22న పెట్టారు. ఒక్క రోజే, కానీ బడ్జెట్ వాయిదా వేసే శక్తి ఎవరికుందో ఆ ఒక్క రోజులో అందరికీ తెలిసింది.

వంశధార (గుణుపురం):
మూడో ప్రశ్న, మేయరు. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు గానీ ఊరి మనిషికి రోజూ తగిలేది ఇదే.

ఢిల్లీ మొత్తం 1,483 చదరపు కిలోమీటర్లు. అందులో 1,397 కార్పొరేషన్‌ది. పార్లమెంటు, మంత్రుల బంగళాలు ఉన్న 43 చదరపు కిలోమీటర్లలో ఎన్డీఎంసీ (న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్), అక్కడ కౌన్సిలర్ ఎన్నికలే లేవు, చైర్మన్‌ని కేంద్రం వేస్తుంది. ఇంకో 43 కంటోన్మెంటు, రక్షణశాఖది.

కార్పొరేషన్ చట్టం పార్లమెంటుది, కమిషనర్‌ని వేసేది కేంద్రం. 2012లో షీలా దీక్షిత్ హయాంలో దాన్ని మూడు ముక్కలు చేశారు, 104, 104, 64 వార్డులు. తూర్పు ముక్కకి ఆదాయం చాలక పారిశుధ్య కార్మికులకి జీతాలందలేదు, సమ్మెలతో వీధుల్లో చెత్త గుట్టలు పడింది. 2022లో పార్లమెంటు మళ్ళీ ఒకటి చేసి వార్డుల్ని 272 నుంచి 250కి దించింది, చట్టంలో చాలా చోట్ల ‘ప్రభుత్వం’ అన్న మాటని ‘కేంద్ర ప్రభుత్వం’ అని మార్చింది. కాబట్టి మేయరు ముఖ్యమంత్రి కింద కాదు. కాగితం మీద ఎవరి కిందా కాదు. కానీ కమిషనర్ పైన కేంద్రం ఉంది.

2022 డిసెంబరు ఎన్నికల్లో ఆప్‌కి 134, బీజేపీకి 104, కాంగ్రెస్‌కి 9, ఇండిపెండెంట్లకి 3 వచ్చాయి. మేయరు ఎన్నికకి కౌన్సిలర్లతో పాటు 10 మంది ఎంపీలు, 14 మంది ఎమ్మెల్యేలు ఓటేస్తారు, మొత్తం 274. ఎల్జీ నామినేట్ చేసిన పదిమందికి ఓటుందా లేదా అన్న గొడవతో జనవరి 6, 24, ఫిబ్రవరి 6 సమావేశాలు మూడూ ఆగిపోయాయి. 17న సుప్రీంకోర్టు వాళ్ళకి ఓటు లేదని చెప్పాక 22న ఎన్నిక జరిగింది. గెలిచాక మేయరు కుర్చీ ఎక్కడానికి రెండున్నర నెలలు.

ఆ పదిమందితో అసలు పని వేరే ఉంది. సభలో ఓటు లేకపోయినా జోనల్ కమిటీల్లో ఉంది. స్టాండింగ్ కమిటీలో 18 మంది: 12 మందిని జోన్లు పంపుతాయి, 6గురిని సభ ఎన్నుకుంటుంది. నామినేటెడ్ వాళ్ళని ఏ జోనులో వేస్తే ఆ జోను బొమ్మ తిరగబడుతుంది. 2024 ఆగస్టు 5న, వాళ్ళని నామినేట్ చేయడానికి ఎల్జీకి మంత్రిమండలి సలహా అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఎందుకంటే ఆ అధికారం 1957 చట్టమే నేరుగా ఎల్జీకి ఇచ్చింది. అయిదు కోట్లు దాటిన కాంట్రాక్టులు స్టాండింగ్ కమిటీ దాటాలి. ఆ కమిటీ రెండేళ్ళకి పైగా ఏర్పడలేదు. చెత్త తీసే పెద్ద టెండర్లకి ఏం జరిగి ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

పొట్టంగి ఘాట్ (కొరాపుట్):
ఇన్ని చదివాక ఒకటనిపిస్తోంది. మన కొటియా గ్రామాల్లోనూ రెండు ప్రభుత్వాలే. 21 ఊళ్ళు, ఒడిశా లెక్కలో పొట్టంగి బ్లాకు, ఆంధ్ర లెక్కలో సాలూరు మండలం. 1968 నుంచి సుప్రీంకోర్టులో ఉంది, 2006లో ఇది పార్లమెంటు తేల్చాల్సిందన్నారు, యథాతథ స్థితి. 2021లో ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారం కేసు వేసింది. అక్కడ రెండు వైపులా రేషనిస్తారు, రెండు వైపులా రోడ్లేస్తామంటారు. ఢిల్లీలో మాత్రం రెండు ప్రభుత్వాలుంటే ఇద్దరూ చేతులెత్తేస్తున్నారు. తేడా ఎక్కడొచ్చిందో పెద్దలు చెప్పాలి.

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
కొటియాలో పని చేసి చూపించడమే హక్కుకి సాక్ష్యం. బడి కట్టినవాడు రేపు కోర్టులో ‘ఇక్కడ పాలన మాది’ అని ఫోటో పెడతాడు. ఢిల్లీలో హద్దు కాగితం మీద ఇప్పటికే రాసి ఉంది, పని చేసినందుకు ఒక్క గజం కూడా పెరగదు. పైగా పని ఆగితే ఓటరు కోపం ఎల్జీ మీదికి పోదు, ఆయనకి ఎన్నిక లేదు. ముఖ్యమంత్రికీ ‘చేయనివ్వడం లేదు’ అన్న మాట ఎన్నికల్లో పనికొస్తుంది. ఆగిన ఫైలుతో ఇద్దరికీ నష్టం తక్కువ.

మోడరేటర్:
కొటియా, పోలవరం ముంపు సంగతులకి వేరే దారాలున్నాయి. ఇక్కడ రాజధాని నగరాలకే ఉంచండి.

బరంపురం పంతులు (బరంపురం, గంజాం):
వాషింగ్టన్ గురించి ఎవరూ ఎత్తలేదు. అదీ రాష్ట్రం కాదు. 1973లో హోం రూల్ చట్టంతో మేయరు, 13 మంది కౌన్సిలు వచ్చాయి. అయినా కౌన్సిలు చేసిన మామూలు చట్టం 30 పని దినాలు, నేర చట్టమైతే 60 పని దినాలు కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) ముందు ఎదురుచూడాలి. 2023 మార్చిలో వాళ్ళ కొత్త శిక్షాస్మృతిని కాంగ్రెస్ కొట్టేసింది, బైడెన్ సంతకం పెట్టారు. 2025 ఆగస్టు 11న ట్రంప్ అదే చట్టంలోని 740వ సెక్షను వాడి నగర పోలీసుని 30 రోజులు తన కిందికి తెచ్చుకున్నారు. అక్కడ పోలీసు మామూలుగా మేయరుది, అత్యవసరమంటే అధ్యక్షుడు తీసుకోవచ్చు, గడువు ఉంది. ఢిల్లీలో గడువన్న మాటే లేదు, ఎప్పుడూ కేంద్రానిదే. నాకైతే వాళ్ళ పద్ధతే నయం, తీసుకున్నవాడు కారణం చెప్పుకోవాలి.

నాగావళి గట్టు (రాయగడ):
హైదరాబాద్ పదేళ్ళు ఉమ్మడి రాజధానిగా ఉంది కదా, అక్కడ ఈ గొడవ ఎందుకు రాలేదు?

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
రాకేం, వచ్చింది. 2014 విభజన చట్టం 8వ సెక్షను ప్రకారం జీహెచ్ఎంసీ పరిధిలో శాంతిభద్రతలు, ప్రాణ, ఆస్తి రక్షణ మీద గవర్నర్‌కి ప్రత్యేక బాధ్యత. 2015లో ఫోన్ ట్యాపింగ్ రగడప్పుడు ఆంధ్ర ప్రభుత్వం దాన్ని అమలు చేయమని గట్టిగా అడిగింది. కానీ పోలీసు జీతాలు, బదిలీలు తెలంగాణ చేతిలోనే ఉండిపోయాయి. బాధ్యత ఒకరికి, బదిలీ ఇంకొకరికి. 2024 జూన్ 2తో గడువు ముగిసేదాకా ఆ సెక్షను కాగితం మీదే ఉంది. వంశధార గారు చెప్పిన కర్ర సూత్రమే ఇక్కడా.

వంశధార (గుణుపురం):
దూరం ఎందుకు, భువనేశ్వర్ చూడండి. నగరంలో ప్రభుత్వ భూమికి యజమాని కార్పొరేషన్ కాదు, రాష్ట్ర సాధారణ పరిపాలన శాఖ. ప్లాను బీడీఏది (భువనేశ్వర్ డెవలప్‌మెంట్ అథారిటీ). 2022లో మేయర్లని, మున్సిపల్ చైర్‌పర్సన్లని జనమే నేరుగా ఎన్నుకున్నారు, మన గుణుపురం, రాయగడల్లో కూడా. కానీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్‌ని వేసేది, తీసేది రాష్ట్రమే. ఢిల్లీకి కేంద్రం చేస్తోందని మనం అనేదాన్ని ప్రతి రాష్ట్రమూ తన ఊళ్ళకి చేస్తూనే ఉంది, దానికెవరూ రాజ్యాంగ ధర్మాసనం దాకా పోవడం లేదు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
2025 ఫిబ్రవరి ఎన్నికల్లో బీజేపీకి 48, ఆప్‌కి 22 వచ్చాయి. రేఖా గుప్తా ముఖ్యమంత్రి. 2025–26 బడ్జెట్ లక్ష కోట్లు. ఇప్పుడు గొడవ లేదుగా?

జయపురం ప్లీడరు (జయపురం, కొరాపుట్):
గొడవ లేదు, చట్టం మాత్రం అదే. అథారిటీలో ముగ్గురూ అలాగే ఉన్నారు, 2021 సవరణ అలాగే ఉంది. ఒకే పార్టీ కాబట్టి ఫైళ్ళు కదులుతున్నాయంతే. రేపు రెండు చోట్లా వేర్వేరు పార్టీలొస్తే 2015 నుంచి మళ్ళీ మొదలు.

నాగావళి గట్టు (రాయగడ):
ఇక ఆఖరిది. ఇక్కణ్ణుంచి వెళ్ళి రూములో ఉండే పిల్ల ఫిర్యాదు పెట్టాలంటే ఎక్కడ పెట్టాలి?

వంశధార (గుణుపురం):
రాజిందర్ నగర్ ఘటననే తీసుకుందాం. ఆ సెల్లార్‌కి అనుమతి సామాను పెట్టుకోడానికి, పార్కింగ్‌కి. అక్కడ నడిచింది లైబ్రరీ. భవనం ప్లాను, దాని వాడకం కార్పొరేషన్ బిల్డింగ్ విభాగం చూడాలి. ఫైర్ ఎన్‌ఓసీ ఢిల్లీ ప్రభుత్వ అగ్నిమాపక శాఖది. కేసు ఢిల్లీ పోలీసు పెట్టారు, అది కేంద్రం. తర్వాత హైకోర్టు సీబీఐకి ఇచ్చింది. ఒక్క సెల్లార్, మూడు ప్రభుత్వాలు.

రూము వీధి 60 అడుగులకంటే సన్నగా ఉంటే రోడ్డు, పక్క కాలువ కార్పొరేషన్‌వి. 60 అడుగులు, ఆపైన అయితే ఢిల్లీ ప్రభుత్వ పీడబ్ల్యూడీ. మురుగు పైపు పొంగితే జల్ బోర్డు. ఊరి నీళ్ళని మోసే నజఫ్‌గఢ్ లాంటి పెద్ద నాలా అయితే ఢిల్లీ ఇరిగేషన్ శాఖ. వీధి ఎన్డీఎంసీ పరిధిలో ఉంటే వీటిలో చాలావరకు ఎన్డీఎంసీయే. కిరాయి ఇంటి వెరిఫికేషన్ పోలీసుది, ఇల్లుగలాయన చేయించాలి.

రోడ్డు వెడల్పు తెలియకపోతే రెండు చోట్లా ఫిర్యాదు పెట్టి, ‘మాది కాదు’ అన్న జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం జతచేసి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఢిల్లీకి విడిగా రాష్ట్ర సమాచార కమిషన్ లేదు. కార్పొరేషన్ మీదైనా, ఢిల్లీ శాఖల మీదైనా రెండో అప్పీలు కేంద్ర సమాచార కమిషన్‌కే వెళ్ళాలి. ఆ రెండో అప్పీలు, మొదటి అప్పీలుకి జవాబు వచ్చిన, లేదా రావాల్సిన రోజు నుంచి 90 రోజుల్లోపు వేయాలి.